ముందు ఫ్యూజు సంగతి చెప్పు

అమ్మడూ,

సోడా నీళ్లు చల్లబరచడానికి బ్యాటరీ కరెంటుతో నడిచే చిన్న డీసీ ఫ్రిజ్ తెచ్చి, దాన్ని సోలార్ మీద నడుపుతావట. మీ అమ్మ చెప్పగానే ముచ్చటేసింది. ఆ వెనకే పోయినసారి కాలిన వైరు గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

సోడా సంగతి తేలిక. 4 డిగ్రీల నీళ్లలో కరిగే గ్యాసులో, అంటే కార్బన్ డయాక్సైడ్‌లో, సగం కూడా 30 డిగ్రీల నీళ్లలో కరగదు. వెచ్చటి నీళ్లు పెట్టుకుని, సిలిండరు ఒత్తిడిని తగ్గించి పంపే రెగ్యులేటరు తిప్పుతూ పోతే ఒరిగేదేమీ లేదు. ఒత్తిడికి తట్టుకునేలా చేసిన ప్లాస్టిక్ సోడా సీసాలే వాడు, గాజుది వద్దు. ముప్పావు వంతు నింపి, సీసా నొక్కి పైనున్న గాలంతా పోగొట్టాకే మూత బిగించు. 2 బార్ ఒత్తిడి చాలు. గ్యాసు పారే చప్పుడు ఆగేదాకా, అంటే అర నిమిషం పైన, బాగా ఊపు. నింపిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు 2 బార్ చూపించింది 30 డిగ్రీలకు వెచ్చబడితే 5, 6 బార్లకు ఎక్కగలదు. పంచదార, రసాలు గ్యాసు పట్టించాకే కలుపు. ముందే కలిపితే నురగ గొట్టంలోకి ఎగదన్ని రెగ్యులేటరంతా జిగురవుతుంది.

సిలిండరు నిలబెట్టే వాడు, గోడకు గొలుసు వెయ్యి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్లోకి వస్తుంది. ప్యానెలుకు ఎండ కావాలి, సిలిండరుకు నీడ కావాలి, రెండూ ఒకచోట పెట్టకు. కిలో గ్యాసు బయటికొస్తే 500 లీటర్ల పైమాటే. గాలికన్నా బరువు కనుక నేల దగ్గర పేరుకుంటుంది. కిటికీ లేని కొట్లో పెట్టావో, ఊరుకోను. బిగించిన ప్రతిసారీ అతుకులకు సబ్బునీళ్లు రాసి చూడు.

ఇక లెక్క. 60 వాట్ల ఫ్రిజ్ రోజులో మూడో వంతు సేపు నడిచినా 480 వాట్-అవర్లు తింటుంది. 100 వాట్ల ప్యానెలు, 4 గంటల మంచి ఎండ, 30 శాతం నష్టం వేసుకుంటే వచ్చేది 280. కాబట్టి రెండు ప్యానెళ్లు ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించకూడదు కనుక 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్లది తీసుకో. ప్యానెలు కరెంటును సర్ది బ్యాటరీకి పంపే కంట్రోలరుకు మొదట బ్యాటరీ తగిలించు, ఆ తర్వాతే ప్యానెలు. విప్పేటప్పుడు తిరగేసి. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, బ్యాటరీకి గాలి ఆడాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పోయినసారి ఫ్యూజు పెట్టలేదని అనను. పెట్టావు, కానీ ఫ్రిజ్ పక్కన పెట్టావు. ఫ్యూజు ఫ్రిజ్‌ని కాపాడుతుందని అనుకున్నావు కదూ? అది కాపాడేది వైరును. అల్మారా తలుపు బందులో నలిగి వైర్ల తొడుగు చిరిగింది బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యన. షార్టయిన కరెంటు ఫ్యూజు దాకా రానేలేదు, ఇక అది ఎందుకు పేలుతుంది? నీ ఫ్యూజు ఆ రోజు చెక్కుచెదరలేదు, వైరేమో కరిగి కారింది. లెక్క వేసి చూడు: 2.5 చదరపు మి.మీ. రాగి వైరు పోనూ రానూ 4 మీటర్లంటే 0.03 ఓమ్‌ల లోపే, బ్యాటరీ లోపలిది మరో 0.01 వేసుకో. 12ని 0.04తో భాగిస్తే 300 ఆంపియర్లు! ఇంట్లో 12 వోల్టులు ముట్టుకుంటే షాక్ కొట్టదు గనక అది సాధుజంతువని అందరూ అనుకుంటారు. ఒంటికి సాధువే, వైరుకు కాదు.

ఈసారి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు లోపలే ఉండాలి. ఆ 2.5 వైరుకు 15 ఆంపియర్లది. 30ది చేతికి దొరికిందని దాన్ని వేశావంటే ఫ్యూజు లేనట్టే. కంట్రోలరుకు వెళ్లే వైరుకూ విడిగా ఒకటి, అదీ బ్యాటరీ దగ్గరే. ఇంటి ఏసీ బ్రేకరు ఇక్కడ పనికిరాదు. డీసీ నిప్పురవ్వ ఏసీలోలా సున్నాకి దిగి ఆరదు, సాగుతూనే ఉంటుంది, కనుక డీసీకి చేసిందే కొను. బిగించే స్పానరు పిడికి టేపు చుట్టు, రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలిందా, అంతే సంగతులు. వైరు తలుపు బందు వైపు పోనే పోకూడదు. తప్పదంటే గొట్టంలో దూర్చు.

ఆ రోజు నీ మీద గొంతు చించుకున్నాను గానీ, కాలగా మిగిలిన లగ్గులు, అదే వైరు కొసలకు వేసే లోహపు తొడుగులు, నువ్వు ఎంత పొందిగ్గా నొక్కి బిగించావో చూశాను. ఒక్క పోగూ బయటికి లేదు. నీ చేతిపని మీద నాకు అనుమానం లేదు, తొందర మీదే.

ఒక ఉపాయం: ఫ్రిజ్‌ని పగలు ఎండ ఉన్నంతసేపూ గట్టిగా నడిపి, నీళ్లు 3 డిగ్రీలకు దింపేయ్. పదిలీటర్ల చల్లనీళ్లు రాత్రి కొంతసేపు ఫ్రిజ్‌ని ఊరకే చల్లగా ఉంచుతాయి, బ్యాటరీకి పని తగ్గుతుంది.

ప్యానెలు ఎక్కించక ముందే బ్యాటరీ, ఫ్యూజు కనిపించేలా ఒక ఫొటో తీసి పంపు. పక్కన స్కేలు పెట్టి తియ్యి, జానెడో కాదో నేను చూసుకుంటాను.

మావయ్య