పుట్టిన తేదీ లేని పిల్ల

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. బర్మా నుంచి పారిపోయి వచ్చిన రొహింగ్యా పిల్లను ఒక గుత్తేదారు లైంగికంగా వేధించడం మీద నువ్వు రాసిన కథ అందింది. మొదటిసారి సగంలో లేచి టీ పెట్టుకున్నాను, విసుగు పుట్టి కాదులే, చదవలేక. హైదరాబాద్ బాలాపూర్‌లో రొహింగ్యాల గుడిసెల మధ్య నిజంగా తిరిగి రాసిన కథ అని తెలుస్తూనే ఉంది. ప్లాస్టిక్ పట్టా కింద మధ్యాహ్నపు ఉక్క, పాత ఇనప సామాను కొట్టు ముందు సంచి తూకం కోసం నిలబడ్డ పిల్లలు, ఇంట్లో రొహింగ్యా భాష, గుమ్మం దాటితే హైదరాబాదీ ఉర్దూ. ఇవి ఇంట్లో కూర్చుంటే దొరకవు. మెచ్చుకోలు ఇంతటితో సరి.

ముందు ఆ పిల్ల పేరు తీసెయ్. అసలు పేరే పెట్టానని, వాళ్లమ్మ ఒప్పుకుందని రాశావు. తల్లి ఒప్పుకుంటే సరిపోదు. లైంగిక వేధింపులకు గురైన పిల్లల పేరే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, చుట్టుపక్కల గుర్తులు, ఏవీ బయటపెట్టకూడదని పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం చెబుతోంది. అనుమతి ఇవ్వగలిగింది ప్రత్యేక కోర్టు ఒక్కటే, అదీ పిల్లకు మేలనుకుంటేనే. కథే కదా అంటావు. ముప్పై ఏళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. ఒక పత్రికలో పేరు మార్చి రాశాను గానీ ఆ పిల్ల ఇంటి ముందున్న చేతిపంపునూ, పక్కనే ఉన్న రంపపు మిల్లునూ ఉన్నవి ఉన్నట్టు దింపాను. నెల తిరక్కుండా ఆ కుటుంబం ఊరు విడిచింది. కథ బాగుందని నాకు ఉత్తరాలు వచ్చాయి.

ఇక మూడో పేజీలో “వీళ్లకు ఈ దేశంలో ఏ చట్టమూ లేదు” అని రాశావు. చప్పట్లు పడే వాక్యమే గానీ సగమే నిజం. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టం రొహింగ్యాలను ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. నీ కథలో ఆ పిల్ల తమ్ముడు హైదరాబాద్‌లోనే పుట్టాడు. అయినా 2004 డిసెంబరు 3 తర్వాత ఇక్కడ పుట్టినవాళ్లు పౌరులు కావాలంటే తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే ఇటు మనవాడూ కాడు, అటు వాళ్లవాడూ కాడు. అంతవరకు నీ మాట నిజం.

కానీ పోక్సో చట్టం తెరిచి చూడు. పద్దెనిమిదేళ్లు నిండని ఏ వ్యక్తి అయినా బాలలే అని ఉంటుంది. పౌరుడు అన్న మాట అక్కడ కనిపించదు. రాజ్యాంగం 21వ అధికరణంలోనూ “వ్యక్తి” అనే ఉంది. 2021 ఏప్రిల్ 8న రొహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు 14, 21 అధికరణాలు పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయని చెప్పింది. అదే ఉత్తర్వులో, పద్ధతి ప్రకారమైతే వాళ్లను వెనక్కి పంపవచ్చనీ చెప్పింది. కాపాడతామన్న మాట, పంపించేస్తామన్న మాట ఒకే కాగితం మీద! నీ కథ ఉండాల్సింది ఆ రెండు మాటల మధ్య.

మరి నీ తల్లి పాత్ర ఏం చేసింది? కొంగు బిగించి నేరుగా పోలీసు స్టేషన్ మెట్లెక్కింది. అలా ఎక్కదమ్మా. బిడ్డ గోడు రాసుకునే బల్ల దగ్గరే “మీ కాగితాలేవి?” అని అడుగుతారని ఆమెకు తెలుసు. గుడిసె నుంచి స్టేషన్ దాకా ఉన్న ఆ దారి మీద నాలుగు పేజీలు రాయి. ఆమె ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో రాయి.

నీ ఎస్సై మంచివాడే, కానీ యూనిఫాంలో కూర్చుని ఆ పిల్లను స్టేషన్‌కు పిలిపించి అడుగుతాడు. చట్టం అలా చెప్పదు. పిల్ల ఇంట్లోనో, తను కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. భాష రాకపోతే అనువదించే మనిషిని పెట్టుకోవచ్చు. ఇక్కడ ఆగి ఆలోచించు: రొహింగ్యా మాట అర్థమయ్యే మనిషి ఆ బస్తీలో ఎవరు? ఒకవేళ అతను ఆ గుత్తేదారు దగ్గర బాకీ ఉన్నవాడైతే? ఆ పిల్ల చెప్పిన నాలుగు వాక్యాలు అతని నోట్లో ఒక వాక్యమైతే? నీ కథలో ఇంతకన్నా భయంకరమైన సన్నివేశం ఉంటుందనుకోను.

ఇంకొకటి. పిల్లకు పదమూడేళ్లని రాశావు. నీకెవరు చెప్పారు? వయసు తేలాలంటే బాలల న్యాయ చట్టం ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ చూడమంటుంది, అది లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన పత్రం, ఏదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఈ అక్క పుట్టింది బర్మాలోని రఖైన్‌లో, బడి ముఖం చూడలేదు. యూఎన్ ఇచ్చిన శరణార్థి కార్డు మీద ఉన్న తేదీ జనవరి 1. శరణార్థుల్లో ఎంతమందికో అదే పుట్టినరోజు. మా ఊరి పంతులుగారు నా పేరు ఎదుట జులై 1 అని వేశారు. మా అమ్మకు గుర్తున్నదల్లా ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయని. ఆ తప్పుడు తేదీ మీదే ఉద్యోగం చేశాను, పింఛను తీసుకుంటున్నాను. దేశం ఉంటే తప్పుడు తేదీ కూడా అన్నం పెడుతుంది.

అందుకే పదమూడు కొట్టేసి పదహారు చేసి చూడు. ఎముకల పరీక్ష చెప్పేది అంచనాయే. ఏడాదో రెండేళ్లో అటు జరిగితే నిందితుడి వకీలు ఆమెను పద్దెనిమిది నిండిన మేజర్‌ను చేసి కూర్చోబెడతాడు. పెళ్లి చేసి పంపేద్దామనుకునే మేనమామకూ అదే సాకు. 2006 నాటి బాల్యవివాహాల చట్టం ఉన్నా, ఆమెకు పద్దెనిమిది నిండలేదని చూపించడానికి కాగితం ఏది?

బడిని నువ్వు పాటలు పాడే చోటుగా మాత్రమే చూపించావు. ప్రభుత్వ బడులకు వెళ్లి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అని రొహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. అది ఢిల్లీ నుంచి వెళ్లిన కేసు. చదువు సంగతి అలా ఉంచు, ఆ హాజరుపట్టీలో పేరెక్కితే వయసుకు ఒక సాక్ష్యం పుడుతుంది. రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే టీచరూ దొరుకుతుంది.

అన్నట్టు, బస్తీకి వచ్చి అక్షరాలు నేర్పే ఆ మేడమ్‌కు అంతా తెలుసు, తెలిసీ కన్నీళ్లు పెట్టుకుని ఊరుకుంటుంది. ఆమెను దేవతలా రాశావు. తెలిసీ చెప్పకపోవడం పోక్సో కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే బాలల సంక్షేమ కమిటీకి కబురు అందుతుంది. తల్లి స్టేషన్ మెట్లెక్కే అవసరమే ఉండేది కాదేమో. ఆమె ఎందుకు ఫోను చేయలేదు? నాకు ఆవిడ మీద కోపం లేదు గానీ, సంగతి తెలుసుకోవాలని ఉంది.

చివరి పేజీలో తల్లి తమ్ముడి జనన పత్రాన్ని బియ్యం డబ్బా అడుగున దాచిందని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఏ రాత్రో అక్క చేత ఆ డబ్బా తెరిపించు. ఉర్దూ మాట్లాడుతుంది గానీ చదవడం రాదు కదా, ఆ కాగితం పట్టుకుని ఏం చేస్తుందో చూసి రాయి. తొందరేం లేదు, సంక్రాంతికి నేను ఊళ్లోనే ఉంటాను.

ఉంటాను.
మీ అమ్మను అడిగానని చెప్పు.