డాబా కురుస్తోందా? పెయింట్ డబ్బా కొనే ముందు ఒకరోజు పైన నీళ్లు నిలబెట్టి చూడండి

మీరు అడిగింది ఇదీ: పన్నెండేళ్ల డాబా, రెండేళ్లుగా వానొస్తే హాల్లో ఫ్యాను చుట్టూ తడి, మేస్త్రీ చూసి పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టిస్తే చాలన్నాడు, కొట్టించమంటారా అని. ఇప్పుడే వద్దండీ. నేను ఆ మాట విని రెండుసార్లు కొట్టించాను, రెండుసార్లూ ఇల్లు కురిసింది, ఆ అనుభవంతోనే చెబుతున్నా.

మాది తెనాలి. నాన్న 2006లో కట్టిన ఇల్లు, వెయ్యి చదరపు అడుగుల శ్లాబు. ఎప్పటికైనా పై అంతస్తు వేద్దామని పిల్లర్ల ఊచలు రెండేసి అడుగులు పైకి వదిలేశారు. ఏ వీధిలో చూసినా ఉండేదే కదా, డాబా మీద తుప్పు పట్టిన ఊచలు, వాటికి కట్టిన బట్టలారేసే తీగ. ఆ అంతస్తు ఇప్పటికీ పడలేదు. 2021 ఆగస్టులో ఫ్యాను పైగిన్నె అంచు నుంచి టీ రంగు నీళ్లు చుక్కచుక్కగా పడటం మొదలైంది, అమ్మ కింద గిన్నె పెట్టింది, నేను కంగారుపడి ఆ వారంలోనే, వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో, పెయింట్ కొట్టించాను. లోపల చెమ్మ ఆరకుండా పైన పొర వేస్తే ఏమవుతుంది? నెల తిరక్కుండా అప్పడంలా పొంగి, గోటితో గీకితే పొరలు పొరలుగా లేచొచ్చింది. తప్పు నాదే అనుకుని 2023 మేలో పద్ధతిగా చేయించాను, కడిగించి, ఆరనిచ్చి, మూడు పూతలు. ఆ డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ వానకి మళ్లీ అదే ఫ్యాను, అదే గిన్నె.

అప్పుడు మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన, తాపీ పని మానేసి చాలా ఏళ్లయింది, వచ్చి ఒకే ప్రశ్న వేశాడు, "నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చెప్పావు, ఎక్కడ దిగుతున్నాయో చూశావా బాబూ?" అని. నిజానికి ఈ రెండింటికీ సంబంధం ఉండాల్సిన పనిలేదు. శ్లాబు మీద వాటం కోసం, అంటే నీరు పారే వాలు కోసం, పోసిన సిమెంటు పొర ఉంటుంది చూడండి, అది ఎక్కడో ఒకచోట శ్లాబు నుంచి విడిపోయి ఉంటుంది. అంచున దూరిన నీరు ఆ సందులో పాకుతూ పోయి, శ్లాబులో వేసిన కరెంటు పైపులో పడితే ఇక దానికి కాలవ దొరికినట్టే, తిన్నగా ఫ్యాను పెట్టెలోకి వస్తుంది. మీకూ ఫ్యాను దగ్గరే కాబట్టి ఇదే అయ్యుండొచ్చు. తడి ఉన్నన్నాళ్లూ ఆ ఫ్యాను లైను ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైను ఆపే స్విచ్) దించేసి ఉంచండి, ఇందులో మాత్రం మొహమాటం వద్దు.

ఆయన ఒక చెంబుతో నీళ్లు తీసుకుని పిల్లర్ ఊచల మొదట్లో మెల్లగా పోశాడు. ఊచకీ కాంక్రీటుకీ మధ్య తుప్పు రంగు సందు, అగ్గిపుల్ల పట్టేంత. నీళ్లు పక్కకి పారలేదు, గుటక వేసినట్టు లోపలికే పోయాయి. రెండో చెంబు, మూడో చెంబు. ముప్పావు గంటకి కింద నుంచి అమ్మ కేకేసింది, చుక్క పడుతోందని. ఆ పిల్లరుకీ ఫ్యానుకీ మధ్య ఏడడుగుల దూరం! మూడు పూతల పెయింటూ ఊచల దాకా వచ్చి చుట్టూ తిరిగి వెళ్లిపోయింది, ఆ సందుని ఎవడూ ముట్టుకోలేదు.

అందుకే నా లెక్కలో శ్లాబు నడిమధ్య నుంచి కురిసే ఇళ్లు తక్కువ. అంచులూ, కన్నాలూ, నీళ్లు నిలిచే పల్లాలూ, ముందు ఈ మూడూ చూడాలి. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల ఎండకి రోజూ సాగి రాత్రి ముడుచుకుంటుంది, కొన్నేళ్లకి అక్కడ వెంట్రుకంత బీట పడుతుంది. ఆ బీటలో కాకి రెట్టతో రావి విత్తనం పడిందంటే ఇక చెప్పక్కర్లేదు, మొక్కని పైకి లాగేస్తే వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, చుట్టూ తవ్వి వేరుతో సహా తీయాలి. డిష్ యాంటెన్నా బిగించడానికి కొట్టిన బోల్టు కన్నాలు, సోలార్ హీటర్ కాళ్లు, తూము గొట్టం చుట్టూ ఊడిన సిమెంటు. వాటం కూడా చూసుకోండి, మా పెద్దాయన లెక్క పదడుగులకి ఒక అంగుళం. వాన వెలిసిన మర్నాడు కూడా ఎక్కడైనా నీళ్లు నిలిచి పాచి పట్టిందంటే అక్కడ వాటం పోయినట్టే, పెయింట్ దాన్ని సరిచేయదు.

వానలు లేని మార్చిలో కూడా తడి ఉంటే అది వాన నీరు కాదు, పైన ట్యాంకో దాని పైపో కారుతుండాలి, లేదా పై బాత్‌రూమ్. మా మేనత్త వాళ్లింట్లో ఏడాదిపాటు శ్లాబుని తిట్టుకున్నారు, చివరికి చూస్తే ట్యాంకు నిండి పొర్లే గొట్టం గోడ మీదకి తిరిగి ఉంది, మోటారు ఆపడం మర్చిపోయిన రోజునే తడి కనిపించేది.

మీరు చేయగలిగే పరీక్ష ఒకటుంది. రెండు మూడు రోజులు వాన లేకుండా చూసుకుని తూములన్నీ గుడ్డలు కుక్కి మూసేసి, మోటారుతో పైన రెండంగుళాల నీళ్లు నిలబెట్టండి. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, గంటకోసారి కింద పైకప్పు చూసి, తడి మొదలైన చోట పెన్సిల్‌తో గీత గీసి టైమ్ రాసుకోండి. సగం సగంగా మడులు కట్టి చేస్తే ఏ సగమో కూడా తేలిపోతుంది. నీళ్లు నిలబెట్టినా తడి రాకుండా వానకి మాత్రమే వస్తుంటే గోడ మీద, సన్‌షేడ్ మీద, పిట్టగోడ పైభాగం మీద అనుమానపడాలి. ఒక్క మాట, కింద పెచ్చులు ఊడి ఇనుము కనపడుతుంటే ఈ పని చేయొద్దు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బే కాంక్రీటుని తోసేస్తుంది, అలాంటి శ్లాబు మీద మళ్లీ నీళ్ల బరువు పెట్టకూడదు, నేరుగా ఇంజనీరుకి చూపించండి.

మేం చివరికి చేయించింది పెద్ద పనేం కాదు. ఊచల మొదళ్ల చుట్టూ రెండంగుళాలు చెక్కి, వైరు బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూసే మందు రాసి, ముడుచుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే సిమెంటు ముద్ద) నింపారు. ఆ పైన ఊచలు మొత్తం మునిగేలా సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో దిమ్మ కట్టి, దాని నెత్తి నాలుగు వైపులకీ ఏటవాలుగా తీశారు. రేపు అంతస్తు వేయాలంటే ఆ దిమ్మ పగలగొట్టుకోవచ్చు. పిట్టగోడ మూల పొడవునా సిమెంటుతో గుండ్రంగా మలిచి, దాని మీద మెష్ (వల లాంటి గుడ్డ) అతికించి అప్పుడు పెయింట్ కొట్టారు. అవును, పెయింటే. పెయింట్ దండగని నేననడం లేదు, అది ఆఖర్న చేయాల్సిన పని అంటున్నా, అదీ ఎండాకాలంలో, శ్లాబు పూర్తిగా ఆరాక, మిట్టమధ్యాహ్నం పెనంలా కాలేటప్పుడు కాకుండా పొద్దున్నే. అప్పటినుంచి మా ఫ్యాను పొడిగానే ఉంది, తర్వాత వచ్చిన 2024 సెప్టెంబరు మొదటి వారం వానలక్కూడా, విజయవాడని బుడమేరు ముంచిందే, ఆ వానలకి.

కొత్తగా కట్టుకునే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పోత సులువుగా సాగుతుందని కాంక్రీటులో నీళ్లు గుప్పించనివ్వకండి, ఆ అదనపు నీరంతా ఆవిరయ్యాక సన్నటి కన్నాలు మిగులుతాయి. పోసిన మర్నాటి నుంచి మడులు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపండి. రేకుల ఇళ్లకైతే బోల్టు వాషర్లు ఎండకి పెళుసెక్కి పోతాయి, అవి మారిస్తే సగం కురవడం ఆగుతుంది. పెంకుటిళ్ల సంగతి నన్నడగొద్దు, మా అమ్మమ్మ గారింట్లో ఏటా కొన్న పెంకుల్ని ఏటా కోతులు పగలగొడుతూనే ఉన్నాయి.

మీ మేస్త్రీ దగ్గరికొస్తే, కొలతలు తీసుకుని రేటు చెప్పేముందు నీళ్లు నిలబెట్టి చూద్దామని అడగండి. దానికెందుకండీ, పెయింట్ కొడితే అన్నీ పోతాయి అన్నాడంటే ఇంకో మేస్త్రీని చూసుకోండి. ఈలోగా మీ డాబా మీద కూడా ఊచలు వదిలేసి ఉంటే, ఒక చెంబు నీళ్లు పట్టుకెళ్లి వాటి మొదట్లో పోసి చూడండి, ఏం తేలిందో ఇక్కడే రాయండి.