జనవరి డబ్బు చూసి రెండో బ్రాంచ్ తెరవొద్దు

ప్రశ్న: నా వయసు 41. విశాఖ ఎంవీపీ కాలనీలో మూడేళ్లుగా యోగా స్టూడియో నడుపుతున్నాను. 82 మంది వస్తున్నారు. నెల ఫీజు 2,000, ఏడాదికి ఒకేసారి కడితే 15,000. 52 మంది ఏడాది ప్యాకేజీలో ఉన్నారు. వారిలో 38 మంది జనవరి ఆఫర్‌లో, 10 మంది జూన్‌లో యోగా డే తర్వాత చేరారు. ఖర్చులు నెలకు: అద్దె 38,000, ఇద్దరు టీచర్లకు 36,000, కరెంటు, మెయింటెనెన్స్ 9,000, ఆయాకు 6,000, ప్రచారం వగైరా 5,000. ఉదయం 5:30 నుంచి 9 వరకు, సాయంత్రం 5:30 నుంచి 8 వరకు బ్యాచ్‌లు ఉంటాయి. ఉదయం రెండు బ్యాచ్‌లు నేనే చెబుతాను. ఇంటి ఖర్చుకు నెలకు 25,000 తీసుకుంటాను. జనవరిలో 6.3 లక్షలు వస్తే 2.8 లక్షలతో ఏసీలు, ఫ్లోరింగ్ చేయించాను. ఆగస్టుకల్లా గాజులు బ్యాంకులో పెట్టి లక్ష తేవాల్సి వచ్చింది. ఇప్పుడు మధురవాడలో 45,000 అద్దెకు మంచి హాల్ దొరికింది. ముద్ర లోన్ 10 లక్షలు తీసుకుని రెండో బ్రాంచ్ తెరవమని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు? బ్యాచ్‌లు నిండుగా ఉన్నా డబ్బు ఎందుకు నిలవడం లేదు?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ స్టూడియో నష్టాల్లో లేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అలాగని పెద్ద లాభాల్లో ఉందని కూడా నేను అనను. లెక్క చూడండి.

ఏడాదికి 15,000 కట్టినవారు మీకు నెలకు ఇస్తున్నది 1,250. అలా 52 మంది నుంచి 65,000. నెలనెలా కట్టే 30 మంది నుంచి 60,000. మొత్తం 1,25,000. ఖర్చు 94,000. మిగులు 31,000. అందులో 25,000 మీరు ఇంటికి తీసుకుంటున్నారు కాబట్టి పైకి సరిపోయినట్టే ఉంది. కానీ రోజూ తెల్లవారుజామున లేచి మీరు చెప్పే రెండు బ్యాచ్‌లకు ఇంకొకరిని పెడితే, మీ టీచర్ల జీతం ప్రకారమే 18,000 ఇవ్వాలి. అది తీసేస్తే వ్యాపారంగా స్టూడియో సంపాదిస్తున్నది నెలకు 13,000. మీరు ఇంటికి పట్టుకెళ్లే డబ్బులో ఎక్కువ భాగం మీ జీతమే, స్టూడియో లాభం కాదు.

మరి జనవరిలో వచ్చిన 6.3 లక్షలు ఏమయ్యాయి? అందులో 5.7 లక్షలు ఆ 38 మంది కట్టిన ఏడాది ఫీజు. ఆ డబ్బు మీ ఖాతాలో ఉన్నా అప్పటికి మీది కాదు. వాళ్లకు పన్నెండు నెలలు క్లాసు చెప్పాలి, నెల గడిచేకొద్దీ అందులో పన్నెండో వంతు మీదవుతుంది. మీరేమో ఆ డబ్బుతో ఏసీలు పెట్టించారు. విశాఖ ఉక్కపోతలో ఏసీ లేని హాల్లో సాయంత్రం బ్యాచ్ నడపడం కష్టమే, ఆ ఖర్చును తప్పుపట్టను. కానీ ఫిబ్రవరి నుంచి చేతికి వచ్చేది ఆ 60,000, పోయేది 94,000. నెలకు 34,000 లోటు, దాని మీద ఇంటికి మరో 25,000. జూన్‌లో కొత్తగా చేరినవారి లక్షన్నర కొంత ఆదుకుంది. అది కూడా కలిపి లెక్కేస్తే ఆగస్టు చివరికి ఖాతా ఖాళీ అయి ఇంకో 32,000 తక్కువ పడుతోంది. మీ గాజులు బ్యాంకుకు వెళ్లింది సరిగ్గా ఆ నెలలోనే.

అందుకే ఈ వారమే ఇంకో సేవింగ్స్ ఖాతా తెరవండి. ఎవరు ఏడాది ఫీజు కట్టినా మొత్తం అందులో వేయండి. ప్రతి నెల 1వ తేదీన ఒక్కో సభ్యుడి పేరున 1,250 మాత్రమే నడిపే ఖాతాలోకి మార్చుకోండి. ఆటో స్వీప్, అంటే ఎక్కువున్న డబ్బును బ్యాంకే ఎఫ్‌డీలోకి మార్చే ఏర్పాటు ఉన్న ఖాతా అయితే మిగిలిన డబ్బుకు ఎఫ్‌డీ వడ్డీ కూడా వస్తుంది. జనవరిలో ఖాతా చూసి మురిసిపోయే అవకాశం ఉండదు, నిజమే. ఆగస్టులో బ్యాంకు మెట్లు ఎక్కే పని కూడా ఉండదు.

ఇక ఆఫర్. నెలకు 2,000 చొప్పున ఏడాదికి 24,000 కావాలి. మీరు 15,000కే ఇస్తున్నారు, అంటే 37 శాతానికి పైగా తగ్గింపు. పక్కనున్న జిమ్‌లు ఇస్తున్నాయని మీరూ ఇచ్చి ఉంటారు. జిమ్ లెక్క వేరు. అక్కడ డబ్బు కట్టి రానివాళ్ల మీద కూడా వ్యాపారం నడుస్తుంది. యోగాకు రావడం మానేసినవాళ్లు మళ్లీ జనవరిలో ఫీజు కట్టరు. గత ఏడాది జనవరిలో చేరినవారిలో ఎంతమంది ఈ జనవరిలో మళ్లీ కట్టారో మీరు రాయలేదు. మీరు ఎదురుగా కూర్చుంటే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. సగానికన్నా తక్కువైతే ప్రచారానికి పెట్టే 5,000 ఆపి, మానేసినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి.

ఏడాది ఫీజును 19,500 చేయండి. నెలకు 1,625 పడుతుంది. 52 మందిలో 8 మంది అలిగి వెళ్లిపోయారనుకుందాం. మిగిలిన 44 మంది నుంచి నెలకు 71,500 వస్తుంది, ఇప్పుడొచ్చే 65,000 కన్నా ఎక్కువే. దీంతోపాటు మూడు నెలల ప్యాకేజీ 5,400కు పెట్టండి. అప్పుడు డబ్బు జనవరిలో ఒక్కసారే కాకుండా ఏడాదంతా వస్తుంది.

ఇప్పుడు మధురవాడ. రెండో బ్రాంచ్ ఆలోచన తప్పు కాదు. అటు అపార్ట్‌మెంట్లు, రుషికొండలో ఐటీ ఆఫీసులు ఉన్నాయి. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా ఆసనాలు వేసిన ఊరు మీది. అయితే ఆ రోజు ఉచితంగా వచ్చినవాళ్లలో నెలకు 2,000 కట్టేవాళ్లు ఎందరన్నది వేరే విషయం.

మీరు చెప్పిన అద్దెకు కరెంటు 10,000, టీచర్లకు 40,000, ఆయా, ప్రచారం కలిపి 11,000 కలపండి. 10 లక్షల లోన్ 11.5 శాతం వడ్డీకి, ఐదేళ్లకు దొరికిందనుకుంటే కిస్తీ దాదాపు 22,000. ఇప్పటికే 1,28,000 అయింది. దీని మీద మీరు ఊహించని ఖర్చు జీఎస్టీ.

ఇప్పుడు మీ టర్నోవర్ ఏడాదికి 15 లక్షలు. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు కాబట్టి మీకు జీఎస్టీ లేదు. రెండు బ్రాంచ్‌లు ఒకే పాన్ మీద ఉంటే రెంటినీ కలిపి లెక్కేస్తారు, 20 లక్షలు దాటుతుంది. యోగా, ఫిట్‌నెస్ సేవలపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. సభ్యులకు మంచిదే. కానీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు, అంటే మీరు కట్టిన పన్ను తిరిగి సర్దుకోవడానికి లేదు. అసలు దెబ్బ అద్దె దగ్గర తగులుతుంది. మీరు రిజిస్టర్ అయ్యాక, హాలు యజమాని రిజిస్టర్ కాకపోయినా ఆ అద్దెపై 18 శాతం మీరే ప్రభుత్వానికి కట్టాలి. రెండు హాళ్ల అద్దె 83,000 మీద అది 14,940. ఏ క్రెడిటూ లేదు, నెలనెలా పోయినట్టే.

ఇవన్నీ కలిపి, పాత బ్రాంచ్ ఫీజులో తగ్గే 5 శాతం కూడా చూసుకుంటే, ఇప్పటి ఫీజులతో మధురవాడలో వంద మందికి పైగా చేరితేగానీ ఖర్చులు రావు. ఎంవీపీలో 82 మందిని తెచ్చుకోవడానికి మీకు మూడేళ్లు పట్టింది. అక్కడ వంద మంది ఎన్నాళ్లకు వస్తారు? కిస్తీ మాత్రం అంతవరకు ఆగదు. పైగా ఉదయం మీరు మధురవాడలో ఉంటే ఎంవీపీలో మీ కోసం వచ్చేవాళ్లు ఎంతమంది నిలుస్తారో చూడాలి.

‘మీ వారి పేరున పెట్టండి, జీఎస్టీ రాదు’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నడిపేది మీరు, డబ్బు పెట్టేది మీరు, పేరు ఆయనది అయితే అధికారులు రెంటినీ కలిపేయవచ్చు. ట్రస్టు పెట్టమనేవాళ్లూ ఉంటారు. సేవాసంస్థగా నమోదైన ట్రస్టులు యోగా ప్రచారానికి చేసే పనికి మినహాయింపు ఉంది, కానీ ట్రస్టు డబ్బు మీ లాభంగా ఇంటికి రాదు. ఆదాయపు పన్ను గురించి మాత్రం భయం వద్దు. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు. అయినా రిటర్న్ ఏటా వేయండి, రేపు ఏ బ్యాంకుకు వెళ్లినా ముందు అడిగేది అదే. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఏజెంట్‌కు డబ్బు ఇవ్వకండి.

నా దృష్టిలో మీకు కావాల్సిన రెండో బ్రాంచ్ ఇప్పటి హాల్లోనే ఉంది. అద్దె రోజంతటికీ కడుతున్నారు, సంపాదన ఆరు గంటలది. ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు హాలు తాళం వేసి ఉంటోంది. పిల్లల్ని స్కూలుకు పంపాక పదిన్నరకు వచ్చే గృహిణుల బ్యాచ్, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుర్చీలో కూర్చుని చేసే బ్యాచ్, డాక్టర్ అనుమతితో గర్భిణుల బ్యాచ్. ఇవి వేరే జనం, వేరే ఫీజు. గర్భిణుల బ్యాచ్‌కు ప్రత్యేక శిక్షణ తీసుకున్న టీచర్ ఉంటేనే మొదలుపెట్టండి. మధ్యాహ్నాలు కూచిపూడి మాస్టారికో, సంగీతం టీచర్‌కో గంటల చొప్పున ఇవ్వొచ్చు, మీ అగ్రిమెంట్‌లో సబ్‌లెట్ చేయకూడదని లేకపోతే. మీ ఉదయం 5:30 క్లాసుకు ఎదురుగా ఒక ఫోన్ పెట్టి లైవ్ ఇస్తే, న్యూజెర్సీలో అది సాయంత్రం 7 లేదా 8 గంటలు, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చిన తెలుగువాళ్లకు సరైన సమయం. ఆ డాలర్లు కూడా 20 లక్షల లెక్కలోకి వస్తాయని మాత్రం గుర్తుంచుకోండి.

మధురవాడ మీద నుంచి మనసు మళ్లకపోతే అక్కడి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లతో మాట్లాడి క్లబ్‌హౌస్‌లో క్లాసులు పెట్టండి. వచ్చిన ఫీజులో వాటా ఇస్తామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడ్వాన్సు, ఏసీలు, ఫ్లోరింగ్ ఏవీ అక్కర్లేదు. ఏడాది పాటు అరవై మంది నిలకడగా వస్తే అప్పుడు హాల్ సంగతి చూద్దాం.

ఈలోగా ముందు గోల్డ్ లోన్ తీర్చండి. తర్వాత మూడు నెలల ఖర్చు, అంటే 2.82 లక్షలు, ముట్టుకోకుండా ఎఫ్‌డీలో ఉంచండి. మీ నడుము పట్టేస్తే ఈ వ్యాపారం ఆగుతుంది కనుక ఆరోగ్య బీమాతోపాటు, ప్రమాదంలో గాయపడి పని చేయలేని వారాలకు డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. పీపీఎఫ్‌లో నెలకు 2,000తో మొదలుపెట్టినా చాలు.

మధురవాడ యజమానికి టోకెన్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే వెళ్లి వెనక్కి అడగండి. అందులో కొంత పట్టుకున్నా సరే, మిగిలింది తీసుకుని వచ్చేయండి.