నొప్పి మాత్ర వేసుకుని పరుగా? ముందు అది ఆపండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. చాలా కాలంగా లాంగ్ రన్స్ చేస్తున్నాను. రెండేళ్లుగా ఎడమ మడమకు కాస్త పైన నొప్పి. పొద్దున మంచం దిగగానే కుంటుతాను, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. రన్‌కు ముందు ఒక డైక్లోఫెనాక్ వేసుకుంటే ఇబ్బంది ఉండదు. బీపీకి టెల్మిసార్టాన్, నీరు పోయే మందు కలిసిన మాత్ర వాడుతున్నాను. నాలుగు నెలల్లో హాఫ్ మారథాన్ ఉంది. వారానికి ఎన్ని కిలోమీటర్లు పెంచుకోవచ్చు? షూ మారిస్తే తగ్గుతుందా?

జవాబు: కిలోమీటర్ల సంగతి తర్వాత. మీరు మామూలు విషయంలా రాసేసిన ఆ డైక్లోఫెనాక్ దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. టెల్మిసార్టాన్, నీరు పోయే మందు, వాటి మీద నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీల పని ఉన్నట్టుండి మందగించే ప్రమాదం ఉంది. దానికి తోడు మీరు చెమటలు కక్కుతూ గంటల తరబడి పరిగెడుతున్నారు, అంటే ఒంట్లో నీరు తగ్గిన సమయంలోనే ఈ భారమంతా కిడ్నీల మీద పడుతోంది. డైక్లోఫెనాక్ బీపీని కూడా పెంచుతుంది, గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నాను కదా అంటారేమో, అది కాపాడేది కడుపును, కిడ్నీలను కాదు. దీని బదులు ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనుకోకండి, అవన్నీ ఒక తాను ముక్కలే. ఈ వారంలోనే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించి, బీపీ చూపించుకోండి. అలాగని బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానేయొద్దు.

ఇంకో మాట. నొప్పి తెలియకుండా చేసుకుని పరిగెత్తితే ఎక్కడ ఆగాలో మీకెలా తెలుస్తుంది? రెండేళ్లు ఒక్క డాక్టర్‌కూ చూపించకుండా లాక్కొచ్చినట్టున్నారు, రాసిన దాంట్లో ఎక్కడా ఆ ప్రస్తావన లేదు.

మీరు చెప్పే లక్షణాలు పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ అనే పట్టీ దెబ్బతిన్నట్టు ఉన్నాయి. చేత్తో నొక్కి చూడకుండా ఖాయంగా చెప్పలేను. అదే అయితే పూర్తి విశ్రాంతి తీసుకున్నా నయం కాదు, టెండన్‌కు మెల్లగా బరువు అలవాటు చేయాలి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా వేసి మడమను నిదానంగా మెట్టు కన్నా కిందికి దించాలి. ఒకసారి మోకాలు నిటారుగా ఉంచి, మరోసారి కొద్దిగా వంచి, ఒక్కో తీరులో 15 చొప్పున 3 సెట్లు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. 1998లో స్వీడన్ వైద్యులు ప్రచురించిన పద్ధతి ఇది. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మాత్రం మడమను మెట్టు కన్నా కిందికి దించకూడదు, అందుకే ముందు ఫిజియోకు చూపించమంటున్నాను.

ఆ 12 వారాలూ పరుగు పూర్తిగా మానక్కర్లేదు. నొప్పి 10కి 5 దాటకుండా, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థాయికి వచ్చేటంత వరకే పరిగెత్తండి. పొద్దున కుంటడం నిన్నటి కన్నా ఎక్కువైతే దూరం తగ్గించండి. ఎత్తుపల్లాలు, స్పీడ్ రన్స్ ప్రస్తుతానికి వద్దు. వారానికి ఇన్ని కిలోమీటర్లని నేనిక్కడ కూర్చుని అంకె చెప్పలేను, మీ టెండనే చెప్పాలి. నాలుగు నెలల్లో కుదరకపోతే ఆ రేస్ వదిలేయండి.

దగ్గుకో, మూత్రంలో మంటకో ఎవరైనా సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తే, టెండన్ సమస్య ఉందని ముందే చెప్పండి. ఈ మందులతో టెండన్ తెగే ప్రమాదం ఉంది, 60 దాటినవాళ్లలో మరీ ఎక్కువ. ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిపోతుందని ఎవరైనా అంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి, దాన్ని నేరుగా టెండన్‌లోకి ఎక్కిస్తే అది బలహీనపడి తెగవచ్చు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు టప్ మని అనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. పరుగులో ఛాతీ పట్టేసినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా అక్కడికక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లండి, మడమ గొడవ తర్వాత చూద్దాం.

ఇక షూ అంటారా, మడమ కొంచెం ఎత్తుగా ఉన్నవి కొందరికి హాయిగా ఉంటాయి. ఉన్నట్టుండి మరీ ఫ్లాట్‌గా ఉన్నవాటికి మారితే నొప్పి పెరగొచ్చు. ఉన్నవి బాగానే ఉంటే వాటినే వాడండి.