సమాధానం: మేడ మీద ఫోన్‌కి నెట్ వస్తోంది, హాల్లో రౌటర్‌కి రావడం లేదు

సెలవులకు వెళ్లే ఇంట్లో సిమ్‌తో నడిచే రౌటర్‌కి హాల్లో నెట్ అందడం లేదు, ప్లాన్ మార్చాలా, శాటిలైట్ కనెక్షన్ తీసుకోవాలా అని అడిగారు. తప్పు ప్లాన్‌ది కాదు, రౌటర్ పెట్టిన చోటుది. మందపాటి గోడలు, రేకుల కప్పు సిగ్నల్‌ని మింగేస్తాయి. మీరడిగిన శాటిలైట్ కనెక్షన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. సెలవులకు మాత్రమే వెళ్లే ఇంటికి అది దండగ.

1. వేర్వేరు నెట్‌వర్క్‌ల ప్రీపెయిడ్ సిమ్‌లు మేడ మీదే వేసి చూడండి. ఫోన్‌లో కనిపించే సిగ్నల్ గీతల్ని నమ్మొద్దు, డౌన్‌లోడ్ స్పీడ్ చూడండి. అదీ సాయంత్రం పూట, టవర్ మీద రద్దీ ఉన్నప్పుడు.

2. సిమ్ వేసుకుని, బయటి యాంటెన్నా తగిలించే వీలున్న 4జీ రౌటర్, ఒక డైరెక్షనల్ యాంటెన్నా (తిప్పిన దిక్కు నుంచే సిగ్నల్ బాగా పట్టేది) తీసుకోండి.

3. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. యాంటెన్నా పైన బిగించి, రౌటర్‌ని హాల్లో ఉంచి, మధ్యలో పొడుగాటి కోయాక్సియల్ వైరు (యాంటెన్నా సిగ్నల్‌ని మోసే వైరు) లాగుతారు. యాంటెన్నా సంపాదించిందంతా ఆ వైరులోనే ఆవిరవుతుంది. 4జీ రౌటర్‌ని కూడా పైకే చేర్చండి, యాంటెన్నాకి ఒకటి రెండు మీటర్లలో, వాన తగలని చోట. అక్కడి నుంచి కిందికి ఈథర్‌నెట్ కేబుల్ (రౌటర్లని కలిపే నెట్ వైరు) దించి, హాల్లో మామూలు వైఫై రౌటర్‌కి కలపండి. ఆ కేబుల్‌కి 100 మీటర్ల దాకా ఢోకా లేదు.

4. 4జీ రౌటర్ సెట్టింగ్స్‌లో ఎస్ఐఎన్ఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా అందుతోందో చెప్పేది) అంకె చూస్తూ యాంటెన్నాని కొద్దికొద్దిగా తిప్పండి. ఎక్కువ చూపించిన చోట బిగించేయండి.

వెళ్లినప్పుడే రీఛార్జ్ చేస్తే చాలు. కాకపోతే సిమ్ రద్దవకుండా వాలిడిటీ మీద ఓ కన్నేసి ఉంచండి.