గోకితే హాయిగానే ఉంటుంది, మంట మాత్రం ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: నా వయసు 34. పదేళ్లుగా మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా ఉంది. టెన్షన్ ఎక్కువైన రోజుల్లో దురద భరించలేను. నిద్రలో తెలియకుండానే గోకేసుకుంటాను. పొద్దున చూస్తే దుప్పటి మీద రక్తపు మరకలు. ఇంట్లోవాళ్లేమో 'అంతా నీ మనసులోనే ఉంది' అంటారు. చర్మంలోని రోగనిరోధక కణాలకూ నరాలకూ సంబంధం ఉందని ఈమధ్య చదివాను. నిజమేనా? దానివల్ల నాకేమైనా ఉపయోగం ఉందా? - ఓ పాఠకురాలు

జవాబు: నిజమే. మీ దురద ఊహ కాదని ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి.

దీని మీద అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ చర్మవ్యాధుల నిపుణుడు డేనియల్ కాప్లాన్ బృందం చేసిన పరిశోధన 2025 జనవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఎలుకల చెవుల్లో అలర్జీ పుట్టించారు. కొన్నింటిని ఇష్టమొచ్చినట్టు గోక్కోనిచ్చారు. మరికొన్నింటి మెడకు బుల్లి కాలర్లు తొడిగారు. ఆపరేషన్ అయిన కుక్క పుండు నాక్కోకుండా గరాటులాంటిది వేస్తారు చూడండి, అలాంటివే. ఇక కాలు చెవికి అందదు. గోక్కున్న ఎలుకల చెవులు వాచిపోయి, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పోగుపడ్డాయి. కాలర్ ఉన్నవాటికి వాపు చాలా తక్కువ. అలర్జీ రెండింటికీ ఒకటే, తేడా వచ్చింది గోకడం దగ్గరే.

గోళ్లు ఒరుసుకోగానే చర్మంలోని నొప్పి నరాలు 'సబ్‌స్టెన్స్-పి' అనే రసాయనాన్ని వదులుతాయి. అది చర్మంలోనే ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. అలర్జీతో అవి అప్పటికే రగిలి ఉంటాయి, నరాలు కూడా తోడయ్యేసరికి వాపు, ఎరుపు, మళ్లీ దురద. మరి గోకితే హాయి ఎందుకంటారా? నొప్పి సంకేతం వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణిచేస్తుంది. ఆ కాసేపటి సుఖానికే మనం లొంగిపోతాం.

చిత్రమేమిటంటే, గోక్కున్న ఎలుకల చర్మం మీద స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తగ్గింది. అలాగని గోక్కోమని కాదు! ఏళ్ల తరబడి ఉన్న ఎగ్జిమాలో గోకడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. పైగా ఎగ్జిమా చర్మం మీద ఎక్కువగా చేరేది ఈ బ్యాక్టీరియానే. అది వదిలే ఒక ఎంజైమ్ నేరుగా నరాలను తట్టి దురద పుట్టిస్తుందని హార్వర్డ్‌లో ఐజాక్ చియు బృందం 2023లో ఎలుకల్లో చూపించింది.

టెన్షన్ దురదను పెంచుతుంది, నిజమే. కానీ 'టెన్షన్ తగ్గించుకో' అనేది దీనికి మందు కాదు.

ఉపయోగం సంగతికొస్తే, రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-31 అనే సంకేత ప్రొటీన్లు నరాల మీద కూడా పనిచేస్తాయి. మొదటిదాన్ని అడ్డుకునే డ్యూపిలుమాబ్, రెండోదాన్ని అడ్డుకునే నెమోలిజుమాబ్ ఇంజెక్షన్లు ఎగ్జిమా దురదను బాగా తగ్గించడానికి కారణం అదే. అందరికీ అవి అవసరం పడవు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది స్టెరాయిడ్ క్రీమ్‌ను భయపడి రెండ్రోజుల్లోనే మానేసినవాళ్లు, లేదంటే ఎవరినీ అడగకుండా నెలల తరబడి రాసేసినవాళ్లు. రెండూ తప్పే. ఏది, ఎక్కడ, ఎన్నిరోజులు రాయాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. స్నానం అయిన వెంటనే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ దండిగా పట్టించండి. అలర్జీ మాత్రల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఎగ్జిమా దురదకు అవి పెద్దగా పనిచేయవు.

రాత్రికి మీకూ ఒక 'కాలర్' కావాలి. గోళ్లు పూర్తిగా కత్తిరించి, పలుచని కాటన్ గ్లౌజులు వేసుకుని పడుకోండి. మెలకువ వచ్చి దురద పెడితే చల్లటి తడిగుడ్డ వేసి అరచేత్తో గట్టిగా అదమండి, గోకకండి.

ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిళ్లు దురద ఉందా? ముఖ్యంగా వేళ్ల సందుల్లో? ఉంటే అది గజ్జి కావచ్చు, దాని మందులు వేరు. పుండ్ల నుంచి రసి కారినా, పసుపురంగు పక్కులు కట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.