క్యాచర్ నుంచి కోచ్ దాకా: డ్రాఫ్ట్‌కి ముందే చూసుకోవాల్సినవి

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావాడు పదకొండో గ్రేడ్, స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో క్యాచర్. ప్రొఫెషనల్‌గా ఆడి, తర్వాత కోచ్ అవుతానంటున్నాడు. కాలేజీకి పంపాలా, డ్రాఫ్ట్‌కి వదిలేయాలా?

జవాబు: డ్రాఫ్ట్ అంటే మేజర్ లీగ్ జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. మొదటి రౌండ్లలోనే తీసుకుని పెద్ద సైనింగ్ బోనస్ ఇస్తామంటే తప్ప, కాలేజీకే పంపండి. డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లే. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మళ్లీ అవకాశం మూడో ఏడాది అయ్యాకో, 21 ఏళ్లు నిండాకో వస్తుంది. జూనియర్ కాలేజీలో అయితే ఏటా ఉంటుంది.

డబ్బు సంగతి ముందే తెలుసుకోండి. 2023 మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి జట్లు) ఒప్పందంలో డబుల్-ఎ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) ఆటగాడి కనీస వార్షిక జీతం 30,250 డాలర్లు, ట్రిపుల్-ఎలో (ఒక మెట్టు కింద) 35,800. మీ ఊరి రఫ్‌రైడర్స్ టీమ్‌ది డబుల్-ఎ స్థాయే. మేజర్ లీగ్‌లో 2025 కనీస జీతం 7,60,000. మైనర్‌కీ మేజర్‌కీ మధ్య తేడా అంత పెద్దది, ఎక్కువమంది కింది గట్టునే ఆగిపోతారు. అందుకే సైన్ చేసేటప్పుడు కాంట్రాక్టులో కాలేజీ స్కాలర్‌షిప్ రాయించుకోవాలి. ఆట వదిలిన రెండేళ్లలోపు క్లాసులు మొదలుపెట్టకపోతే అదీ చేజారుతుంది.

ఇక కోచింగ్. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని, పిచర్ వేసే బంతిని పట్టేవాడు) కావడం మీవాడికి కలిసొచ్చే విషయం. ఏ బ్యాటర్‌కి ఏ రకం బంతి వేయించాలి, తడబడే పిచర్‌ని ఎలా నిలబెట్టాలి అనేది అతని రోజువారీ పనే. బ్రూస్ బోచీ ఎక్కువగా బ్యాకప్ క్యాచర్‌గానే ఆడాడు. 1989లో మైనర్ లీగ్ మేనేజరయ్యాడు (బేస్‌బాల్‌లో హెడ్ కోచ్‌ని అలాగే అంటారు), 1995కి మేజర్ లీగ్ జట్టు పాడ్రెస్‌కి మేనేజరు. జెయింట్స్‌తో మూడు, మీ టెక్సాస్ రేంజర్స్‌తో 2023లో ఒకటి, మొత్తం నాలుగు వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ ఫైనల్స్) గెలిచాడు.

తేడా కొట్టేది ఎక్కడంటే, ఆట పూర్తిగా అయిపోయాక కోచ్ ఉద్యోగం వెతుక్కోవడం. మైనర్ లీగ్ ఆటగాళ్లను తీసేయడం చాలావరకు మార్చి నెల చివర్లో, స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందటి శిక్షణ) ముగిసేటప్పుడు జరుగుతుంది. ఆ సీజన్ కోచ్‌ల నియామకాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. రెండోది, తన ఒంటికి పనికొచ్చిన స్వింగే అందరికీ నేర్పబోవడం. పొడుగు చేతుల కుర్రాడికి అది నప్పదు.

కాబట్టి ఆడుతున్నప్పుడే వేసవి క్యాంపుల్లో పిల్లలకు నేర్పమనండి. బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి గంటసేపు తిన్నగా బంతులు వేయడం, ఫంగో బ్యాట్‌తో (ఫీల్డర్ల ప్రాక్టీస్‌కి వాడే తేలిక బ్యాట్) కోరిన చోటికి గ్రౌండ్ బాల్ (నేలమీద దొర్లే బంతి) కొట్టడం రావాలి. కొత్త కోచ్‌కి మొదట అప్పగించే పనులివే. బంతి వేగం, తిరుగుడు కొలిచే ట్రాక్‌మ్యాన్, రాప్సోడో పరికరాల లెక్కలు చదవగలగాలి. స్పానిష్ తప్పదు, మైనర్ లీగ్ డగౌట్లలో డొమినికన్, వెనిజులా కుర్రాళ్లు ఎక్కువ. డిగ్రీ కినిసియాలజీలో (శరీర కదలికల శాస్త్రం) చేసి టీచర్ సర్టిఫికేట్ తెచ్చుకుంటే, టెక్సాస్ పబ్లిక్ హైస్కూళ్లలో దారి ఉంటుంది. అక్కడ కోచ్‌లు మామూలుగా టీచర్లే.

మీవాడు హెచ్-4 (హెచ్-1బి మీద పనిచేసేవారి పిల్లల వీసా) మీద ఉంటే 21 నిండగానే ఆ హోదా పోతుంది. ఎఫ్-1కి (విద్యార్థి వీసా) మారితే కాలేజీలో ఆడొచ్చు గానీ, పేరు వాడుకునే ప్రకటనల డబ్బు తీసుకోవడం వీసాకి చిక్కు. 19 దాటకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలిసి క్రీడాకారులకిచ్చే పి-1 వీసా గురించి అడగండి.